అడ్డంగా విసిరిన రాయి నేలను ఎంత వేగంతో తాకుతుంది: లెక్క కట్టే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

మొన్న పక్కింటి కుర్రాడు ఫిజిక్స్ నోట్సు పట్టుకుని వచ్చాడు. ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. "అంకుల్, ఆన్సర్ 19.47 అని ఇచ్చారు. నాకేమో 27.34 వస్తోంది. మూడుసార్లు చేశాను, అంతే వస్తోంది" అన్నాడు. లెక్క చిన్నదే. 12 మీటర్ల ఎత్తున్న మేడ మీద నుంచి ఒక రాయిని సెకనుకు 12 మీటర్ల వేగంతో అడ్డంగా విసిరారు. అది నేలను ఎంత వేగంతో తాకుతుంది?

నోట్సు చూశాను. కిందికి పడే వేగం 15.34 అని సరిగ్గానే కట్టాడు. దాని కిందే 12 + 15.34 = 27.34 అని రాసి, చుట్టూ నీటుగా గడి గీశాడు. తప్పంతా ఆ కూడిక గుర్తులోనే ఉంది. ఈ ఒక్క గుర్తు దగ్గర ఏటా ఎంతమంది పిల్లలు మార్కులు పోగొట్టుకుంటారో! అందుకే ఈ లెక్కను ఎక్కడా దాటవేయకుండా, చేత్తో చేసి చూసుకునేలా ఇక్కడ రాస్తున్నాను.

ముందు బొమ్మ మనసులో పడాలి

అడ్డంగా విసిరిన రాయి ఒకేసారి రెండు పనులు చేస్తుంది. ముందుకు వెళుతుంది, కిందికి పడుతుంది. ఈ రెండూ ఒకదాని జోలికి ఒకటి పోవు. ముందుకు వెళ్లే వేగం మనం విసిరినప్పుడు ఎంతుందో నేలను తాకేదాకా అంతే ఉంటుంది, ఎందుకంటే గాలిని పక్కన పెడితే అటు నెట్టేదీ ఇటు లాగేదీ ఏమీ లేదు. కిందికి పడే వేగం మాత్రం సున్నాతో మొదలై ప్రతి సెకనుకూ 9.8 చొప్పున పెరుగుతుంది. ఈ రెండు కదలికలను విడదీసి చూడాలని, కలిపితే వచ్చే దారి పారాబోలా అని 1638లో అచ్చయిన తన పుస్తకంలో గెలీలియో చూపించాడు. మన పాఠంలో ఉన్నది ఇప్పటికీ అదే.

నమ్మకం కుదరకపోతే రెండు రూపాయి బిళ్లలు తీసుకోండి. ఒకదాన్ని టేబుల్ అంచున పెట్టి వేలితో చిటికేసి ముందుకు కొట్టండి. సరిగ్గా అదే క్షణంలో రెండోదాన్ని అదే ఎత్తు నుంచి ఊరికే వదలండి. చెవి పెట్టి వినండి. ఒకటి కాళ్ల దగ్గర, ఇంకోటి గది మధ్యలో పడతాయి, కానీ "టక్" అన్న చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. టైమింగ్ కుదరడానికి నాలుగైదుసార్లు ప్రయత్నించాల్సి వస్తుంది, విసుక్కోకండి.

ఇక మాటల సంగతి. పాఠ్యపుస్తకంలో వడి, వేగం వేరువేరు. ఎంత అన్నది మాత్రమే చెప్పేది వడి. ఎంత, ఎటు అన్న రెండూ చెప్పేది వేగం. రోజూ మాట్లాడేటప్పుడు రెంటినీ వేగమనే అంటాం, నేనూ ఇక్కడ అలాగే రాస్తున్నాను. పరీక్షలో మాత్రం ప్రశ్న వడి అడిగితే ఒక్క సంఖ్య చాలు. వేగం అడిగితే కోణం కూడా చెప్పాలి. ముందుకు వెళ్లే దాన్ని అడ్డ వేగం అని, కిందికి పడే దాన్ని నిలువు వేగం అని అందాం. గురుత్వ త్వరణాన్ని అందరూ అన్నట్టే "జీ" అందాం.

మెట్టు 1: యూనిట్లు ఒకే దారిలోకి తేవడం

లెక్క మొదలుపెట్టే ముందే అన్నిటినీ మీటర్లు, సెకన్లలోకి మార్చండి. గంటకు కిలోమీటర్లలో ఇస్తే 5తో గుణించి 18తో భాగించాలి. 18 అంటే 5, 36 అంటే 10, 54 అంటే 15, 72 అంటే 20, 90 అంటే 25. ఈ ఐదూ నోటికి వచ్చేస్తే సగం లెక్కల్లో పెన్ను కదపక్కర్లేదు.

జీ విలువ 9.8 వేయాలా, 10 వేయాలా? ప్రశ్నలో ఏది ఇస్తే అది. ఇవ్వకపోతే 9.8. ఎంట్రన్స్ పరీక్షల్లో ఎత్తు 5, 20, 45, 80 మీటర్లు అని కనిపిస్తే అది పదితో చేయమని సైగ. అప్పుడు సమయం 1, 2, 3, 4 సెకన్లని చక్కగా వచ్చేస్తుంది.

మెట్టు 2: ఎత్తు అంటే ఏది?

విసిరిన చోటికి, పడిన చోటికి మధ్య ఉన్న తేడాయే ఎత్తు. 12 మీటర్ల మేడ మీద నుంచి విసిరిన రాయి పక్కవాళ్ల 3 మీటర్ల రేకుల షెడ్డు మీద పడితే లెక్కలో వేయాల్సింది 9. మేడ ఎత్తు 12 అని ఇచ్చి, విసిరినవాడి చెయ్యి డాబా గచ్చు నుంచి మీటరున్నర పైన ఉందని ఇంకో వాక్యంలో ఇరికిస్తే 13.5. ప్రశ్నలో పనికిరాని వాక్యం ఉండదన్న నమ్మకంతో చదివితే ఇలాంటివి దొరికిపోతాయి.

మెట్టు 3: నిలువు వేగం

నిలువుగా తొలి వేగం సున్నా. "అడ్డంగా విసిరారు" అన్న మాటకు అర్థమే అది. కాబట్టి

నిలువు వేగం = √(2 × జీ × ఎత్తు)

మన రాయికి √(2 × 9.8 × 12) = √235.2 = 15.34 మీ/సె. విసిరిన వేగం ఇందులో ఎక్కడా కనిపించలేదు చూడండి. రాయిని మెల్లగా విసిరినా గట్టిగా విసిరినా నేల దగ్గర నిలువు వేగం 15.34కే ఉంటుంది.

ఎత్తు బదులు గాల్లో ఉన్న సమయం ఇస్తే ఇంకా తేలిక: నిలువు వేగం = జీ × సమయం. మన రాయి √(2 × ఎత్తు ÷ జీ) = 1.565 సెకన్లు గాల్లో ఉంటుంది, 9.8తో గుణిస్తే మళ్లీ 15.34.

మెట్టు 4: రెంటినీ కలపడం

అడ్డ వేగం 12, నిలువు వేగం 15.34. ఒకటి తూర్పుకు అనుకుంటే ఇంకోటి నేలలోకి. లంబకోణంలో ఉన్న రెంటిని మామూలుగా కూడకూడదు. రాయి నిజంగా వెళుతున్నది వాటి మధ్య ఏటవాలు దారిలో. అంటే లంబకోణ త్రిభుజంలో కర్ణం. ఎనిమిదో తరగతి నాటి పైథాగరస్ ఇక్కడ పనికొస్తాడు:

తాకే వేగం = √(అడ్డ వేగం² + నిలువు వేగం²)
= √(144 + 235.2) = √379.2 = 19.47 మీ/సె

అంటే గంటకు 70 కిలోమీటర్లు. ఇక్కడో చిన్న కిటుకు: నిలువు వేగానికి వర్గమూలం కట్టి మళ్లీ వర్గం చేయడం దండగ. 235.2ను అలాగే ఉంచి 144కు కలిపేస్తే చాలు, మధ్యలో రౌండ్ చేయడం వల్ల వచ్చే తేడా కూడా తప్పుతుంది.

కోణం కావాలంటే ట్యాన్ థీటా = నిలువు వేగం ÷ అడ్డ వేగం = 15.34 ÷ 12 = 1.278. నేలతో దాదాపు 52 డిగ్రీల కోణంలో తాకుతుంది. మేడకు ఎంత దూరంలో పడిందో తెలిస్తే వేగాలే అక్కర్లేదు: ట్యాన్ థీటా = 2 × ఎత్తు ÷ దూరం. ఇది చాలామంది టీచర్లు చెప్పరు, కానీ జవాబును ఇంకో దారిలో సరిచూసుకోవడానికి దీన్ని మించింది లేదు.

మెట్టు 5: జవాబుకు కంచె వేసి చూడటం

రెండు వేగాల్లో పెద్దది తీసుకోండి. ఇక్కడ 15.34. జవాబు దానికన్నా తక్కువ రాకూడదు, దానికి 1.414 రెట్లు దాటకూడదు. అంటే 15.34కూ 21.7కూ మధ్య ఉండాలి. 19.47 లోపలే ఉంది. మా కుర్రాడి 27.34 కంచె దూకేసింది. పది సెకన్ల పని, పరీక్ష హాల్లో టెన్షన్‌లో కూడా చేయొచ్చు.

ఆ 27.34 ఎలా పుట్టింది?

నేను అడిగితే కుర్రాడు చెప్పాడు: "వీ ఈజ్ ఈక్వల్ టు యు ప్లస్ ఏటీ అంకుల్. యు పన్నెండు, ఏ తొమ్మిది పాయింట్ ఎనిమిది, టీ ఒకటి పాయింట్ అయిదు అరవై అయిదు." సూత్రం (మలి వేగం = తొలి వేగం + త్వరణం × సమయం) సరైనదే. కానీ అడ్డంగా ఉన్న 12ను తీసుకెళ్లి నిలువు సూత్రంలో పెట్టాడు. ఆ సూత్రం ఒకే గీత మీద కదిలే వాటికి. కాగితం మీద రెండు నిలువు వరుసలు గీసి, ఎడమ పక్క "అడ్డం", కుడి పక్క "నిలువు" అని రాసి, ఇచ్చిన ప్రతి అంకెనూ దాని వరుసలోనే వేయడం అలవాటైతే ఈ తప్పు మళ్లీ జరగదు. ఆ రెండు వరుసల మధ్య గోడ దాటి అటూ ఇటూ తిరిగే హక్కు ఒక్క సమయానికే ఉంది.

ఇంతకన్నా తమాషా తప్పు ఇంకోటి ఉంది. కొందరు సమయం కట్టేటప్పుడే విసిరిన వేగం 12ను నిలువు వరుసలో వేస్తారు: ఎత్తు 12 = 12 × సమయం + 4.9 × సమయం² (4.9 అంటే జీలో సగం). దీన్ని సాధిస్తే సమయం 0.763 సెకన్లు. తప్పు, అసలు సమయంలో సగం కూడా లేదు. ఆ తప్పు సమయాన్నే తీసుకుని మళ్లీ 12 + 9.8 × 0.763 అని వేస్తే వచ్చేది 19.47! రెండు తప్పులు కలిసి సరైన జవాబు. దిద్దేవాళ్లు ఆఖరి గీత ఒక్కటే చూస్తే ఫుల్ మార్కులు.

ఇది కాకతాళీయం కాదు. ఆ పిల్లవాడు తనకు తెలియకుండా వేరే లెక్క చేశాడు: అదే రాయిని అదే 12 వేగంతో తిన్నగా కిందికి విసిరితే ఏమవుతుందన్నది. అలా విసిరినా నేలను తాకే వేగం 19.47కే వస్తుంది. ఎందుకో శక్తి వైపు నుంచి చూస్తే తేలిపోతుంది.

శక్తి దారి: రెండు గీతల్లో

మేడ మీద రాయికి రెండు రకాల శక్తి ఉంది. విసిరినందువల్ల వచ్చిన గతిజ శక్తి, ఎత్తులో ఉన్నందువల్ల స్థితిజ శక్తి. నేల దగ్గరికి వచ్చేసరికి అంతా గతిజ శక్తే. రెండు వైపులా ద్రవ్యరాశి కొట్టేస్తే

తాకే వేగం² = విసిరిన వేగం² + 2 × జీ × ఎత్తు

నాలుగో మెట్టులో వచ్చిందీ ఇదే. కానీ ఈ దారిలో దిక్కు ఊసే లేదు. కాబట్టి మేడ అంచు నుంచి అడ్డంగా విసిరినా, కిందికి విసిరినా, ఆకాశం వైపు విసిరినా, విసిరిన వేగం ఒకటే అయితే నేలను తాకే వేగం ఒకటే. మారేవి సమయం, పడే చోటు, కోణం. వస్తువు బరువుకూ ఇందులో చోటు లేదు. కేవలం వడి అడిగే బిట్ ప్రశ్నకు నేనైతే తిన్నగా ఈ దారే పడతాను. కోణమో, సమయమో కూడా అడిగితే రెండు వరుసల పద్ధతి.

ఇంట్లో కొలిచి చూడటం

పుస్తకంలో ఇచ్చిన 12 మీ/సె ఎవరు కొలిచారు? మన చేతికి నిజంగా దొరికేవి రెండే: ఎత్తు, పడిన దూరం. వాటితోనే తాకే వేగం కట్టొచ్చు. కావలసినవి ఒక గోళీ, టేబుల్, టేపు, తెల్ల కాగితం, కార్బన్ పేపర్, నట్టు కట్టిన దారం, గోడకు కరెంటు వైర్లు కప్పే ప్లాస్టిక్ పట్టీ ముక్క ఒకటి.

పట్టీని రెండు పుస్తకాల మీద వాలుగా ఆనించండి. కింది చివర టేబుల్ మీద చదునుగా కూర్చోవాలి, గోళీ అంచు దగ్గరికి వచ్చేసరికి వాలు మిగలకూడదు. వాలు మిగిలితే గోళీ కాస్త కిందికి చూస్తూ బయల్దేరుతుంది, "అడ్డంగా" అన్న షరతే పోతుంది. టేబుల్ అంచు నుంచి దారం వేలాడదీసి, నట్టు నేలను ఎక్కడ చూపిస్తోందో అక్కడ గుర్తు పెట్టండి. దూరం కొలవాల్సింది అక్కడి నుంచి, టేబుల్ కాలి నుంచి కాదు. గోళీ పడేచోట తెల్ల కాగితం టేపుతో అతికించి, దాని మీద కార్బన్ పేపర్‌ను సిరా వైపు కిందికి ఉండేలా పరచండి. మొదటిసారి నేను తిరగేసి పెట్టాను. పదిసార్లు వదిలి తీసి చూస్తే కాగితం మల్లెపువ్వులా ఉంది, గోళీ మాత్రం నల్లబడింది.

పట్టీ మీద ఒకే గుర్తు దగ్గర నుంచి ఐదుసార్లు వదలండి. కాగితం మీద ఐదు నల్ల చుక్కలు ఒక గుంపుగా పడతాయి. దూరాలు 59.2, 60.5, 60.1, 59.6, 60.6 సెంటీమీటర్లు వచ్చాయనుకుందాం. సగటు 60. టేబుల్ ఎత్తు 75 సెంటీమీటర్లు. గోళీ వ్యాసార్ధం కలపాలా అన్న అనుమానం రావచ్చు. అక్కర్లేదు. దాని కేంద్రం బయల్దేరేటప్పుడు టేబుల్‌కు అంతే పైన, తాకేటప్పుడు నేలకు అంతే పైన ఉంటుంది కదా.

సమయం = √(2 × 0.75 ÷ 9.8) = 0.391 సె
అడ్డ వేగం = 0.60 ÷ 0.391 = 1.53 మీ/సె
నిలువు వేగం = √(2 × 9.8 × 0.75) = 3.83 మీ/సె
తాకే వేగం = √(2.35 + 14.7) = 4.13 మీ/సె

కోణం సరిచూద్దాం. 2 × 75 ÷ 60 = 2.5. వేగాలతో 3.83 ÷ 1.53, అదీ 2.5. రెండూ కలిశాయి.

ఇక్కడ రెండు గోతులున్నాయి. మొదటిది: వాలు ఎత్తు తెలుసు కదా, దాన్నుంచే √(2 × జీ × వాలు ఎత్తు) అని అడ్డ వేగం కట్టేద్దాం అనిపిస్తుంది. తప్పు. గోళీ జారడం లేదు, దొర్లుతోంది. శక్తిలో కొంత తిరగడానికే పోతుంది. చదునైన వాలు మీద దొర్లే గట్టి గోళానికి 2 బదులు 10/7 వేయాలి. 20 సెంటీమీటర్ల వాలుకు 1.98 కాదు, 1.67 వస్తుంది. పైగా పట్టీ రాపిడి. అందుకే దూరం నుంచి అడ్డ వేగం కట్టడమే నికరం. గాల్లోకి వచ్చాక ఆ తిరగడం అలాగే కొనసాగుతుంది, పెరగదు, తగ్గదు, మన లెక్కను పాడుచేయదు.

రెండోది: గోళీని మరీ మెల్లగా వదిలితే అది అంచు మీద నుంచి ఎగిరి పడదు, అంచును పట్టుకుని కిందికి దొర్లుతుంది. అలా కాకూడదంటే వేగం √(జీ × వ్యాసార్ధం) దాటాలి. 8 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున్న గోళీకి అది 0.28 మీ/సె. మన 1.53 దానికి ఎంతో పైన ఉంది.

ఎత్తు కొలవడంలో ఒక సెంటీమీటరు పొరపాటు పడితే తాకే వేగం 0.02 మారుతుంది, దూరంలో అదే పొరపాటు పడితే 0.01. కాబట్టి టేపు ముందు ఎత్తు దగ్గర జాగ్రత్తగా పెట్టండి.

గాలిని ఎప్పుడు మర్చిపోవచ్చు?

గోళీకి, రాయికి, ఒకటి రెండంతస్తుల ఎత్తులో మర్చిపోవచ్చు. షటిల్ కాక్‌కు, ప్లాస్టిక్ బంతికి కుదరదు. వాటికి ఈ సూత్రం ఇచ్చేది గరిష్ఠ హద్దు మాత్రమే, అసలు వేగం దానికన్నా తక్కువే ఉంటుంది. ఆ హద్దు తెలియడం కూడా ఒక్కోసారి పనికొస్తుంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు హెలికాప్టర్లు, డ్రోన్లతో ఆహార పొట్లాలు అందించారు. అలాంటి పని మీదే లెక్క వేద్దాం, అంకెలు నేను వేసుకున్నవి. హెలికాప్టర్ 30 మీటర్ల ఎత్తులో గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోతూ కిలో బరువున్న పొట్లం వదిలింది. పొట్లాన్ని ఎవరూ విసరలేదు, ఊరికే వదిలారు. అయినా దాని అడ్డ వేగం సున్నా కాదు, హెలికాప్టర్ వేగమే, 15 మీ/సె. ప్రశ్నలో "వదిలారు" అన్న మాట చూసి సున్నా వేసేవాళ్లకు ఇక్కడే దెబ్బ.

తాకే వేగం = √(225 + 588) = √813 = 28.5 మీ/సె, గంటకు దాదాపు 103 కిలోమీటర్లు. పులిహోర పొట్లం గతి ఊహించుకోండి. హెలికాప్టర్ కదలకుండా నిలబడి వదిలితే 24.2 మీ/సె. పెద్దగా తగ్గలేదు. అదే 10 మీటర్లకు దిగి, నిలబడి వదిలితే 14 మీ/సె. డాబాను తాకేటప్పటి శక్తి 407 జౌళ్ల నుంచి 98కి, నాలుగో వంతుకు పడిపోయింది. నిలబడితే అడ్డ వేగం తాలూకు 225 మాత్రమే పోతుంది, కిందికి దిగితే 588లో మూడింట రెండు వంతులు పోతుంది. ఇక 30 మీటర్ల నుంచి పోతూ వదలాల్సి వస్తే, డాబాకు 37 మీటర్ల ముందే వదలాలి (15 × 2.47 సెకన్లు).

చేసి చూడటానికి మూడు

ఒకటి. 5 మీటర్ల ఎత్తు నుంచి గంటకు 72 కిలోమీటర్ల వేగంతో క్రికెట్ బంతిని అడ్డంగా విసిరారు. జీ = 10. నేలను తాకే వడి ఎంత?

రెండు. 80 సెంటీమీటర్ల టేబుల్ మీద నుంచి దొర్లిన బంతి అంచుకు 1.2 మీటర్ల దూరంలో పడింది. జీ = 10. తాకే వడి ఎంత?

మూడు. సెకనుకు 14 మీటర్ల వేగంతో అడ్డంగా విసిరిన రాయి నేలను 45 డిగ్రీల కోణంలో తాకింది. జీ = 9.8. ఎంత ఎత్తు నుంచి విసిరారు, ఎంత వడితో తాకింది?

జవాబులు: మొదటిదానికి √(400 + 100) = 22.4 మీ/సె. రెండోదానికి సమయం 0.4 సెకన్లు, అడ్డ వేగం 3, నిలువు వేగం 4, కాబట్టి 5 మీ/సె. మూడోదానిలో 45 డిగ్రీలంటే రెండు వేగాలూ సమానం, నిలువు వేగం 14, ఎత్తు 196 ÷ 19.6 = 10 మీటర్లు, తాకే వడి 14 × 1.414 = 19.8 మీ/సె. మా కుర్రాడు మూడోది నాకన్నా ముందే చేసేశాడు.